గాలి వచ్చే దారి, పోయే దారి



వేసవి ముహూర్తాలు మొదలయ్యాయంటే పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే కుర్రాళ్లకు కంటి మీద కునుకుండదు. పగలంతా కూర్చుని ఫుటేజీ కత్తిరించి, రాత్రికి రెండరింగ్ పెట్టి పడుకుందామంటే కంప్యూటర్ ఫ్యాను రొద పడుకోనివ్వదు. అనుకున్న వేళకు పనీ పూర్తికాదు. పెట్టె రేకు మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. చివరికి పక్క మూత ఊడదీసి, టేబుల్ ఫ్యాను తెచ్చి దానికి ఎదురుగా పెడతారు. స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో, ఇంజనీరింగ్ విద్యార్థుల గదుల్లో మనం రోజూ చూసేదే ఇది. ఆ టేబుల్ ఫ్యాను అవసరం లేకుండా, ఒక సెలవురోజు పనితో, మన చేతులతోనే క్యాబినెట్‌ను ఎలా బాగుచేసుకోవచ్చో ఈ పూట చెబుతాను. స్క్రూడ్రైవర్ తప్ప మరో పనిముట్టు పట్టి ఎరగనివాళ్లను మనసులో పెట్టుకునే చెబుతున్నాను.

మొదట ఒక లెక్క. కంప్యూటర్ లోపలి వేడి ఎప్పుడూ గది వేడి మీదనే లేస్తుంది. 22 డిగ్రీల ఏసీ గదిలో ప్రాసెసర్ 77 డిగ్రీలు చూపించిందనుకోండి. అంటే గది కంటే 55 డిగ్రీలు ఎక్కువ. అదే కంప్యూటర్‌ను మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 40 డిగ్రీల గదిలో పెట్టి అదే పని చేయిస్తే ఆ 55 వచ్చి 40 మీద కూర్చుంటుంది. 95 అవుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. ఏఎమ్‌డీ రైజెన్ 7000 శ్రేణిలో ఎక్కువ వాటికి 95. ఆ హద్దు తగలగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కాలిపోదు కానీ నెమ్మదిస్తుంది. చలి దేశంలో కూర్చుని ఎవరో వీడియోలో చూపించిన ఉష్ణోగ్రతలు మన ఇంట్లో రాకపోవడానికి మొదటి కారణం ఇదే. వాళ్ల క్యాబినెట్‌కు ఉన్న వెసులుబాటు మన క్యాబినెట్‌కు లేదు. అందుకే ఈ పని వాళ్ల కంటే మనకే ఎక్కువ అవసరమని గట్టిగా నమ్ముతాను.

ఇంకో నష్టం కూడా ఉంది, అది వెంటనే కనిపించదు. మదర్‌బోర్డు మీద, పవర్ సప్లైలో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడికి తరిగిపోతుంది. 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్ పనిచేసేవాళ్లు లెక్క వేసుకుంటారు. అప్పు చేసి కొన్న మెషీన్ ఇంకో మూడేళ్లు నడవాలనుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మరి లోపలి వేడిని బయటికి పంపడానికి ఎంత గాలి కావాలి? ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మిగతా భాగాలు కలిపి 300 వాట్లు తింటున్నాయనుకుందాం. తిన్న కరెంటంతా దాదాపుగా వేడిగానే మారుతుంది. పెట్టెలో గాలి గది కంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు 25 లీటర్ల గాలి లోపలికి వచ్చి బయటికి పోవాలి. మన ఇళ్లకు వచ్చే మంచినీళ్ల క్యాను 20 లీటర్లది. అంతకంటే ఎక్కువ గాలి ప్రతి సెకనూ ఆ పెట్టెలో దూరి బయటపడాలన్నమాట. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి ఏ అడ్డూ లేకుండా ఆరుబయట తిరిగితే దాదాపు ఆ మేరకు గాలి తోస్తుంది. కానీ పెట్టెలో బిగించగానే అందులో ఎంతో భాగం పోతుంది. ఎందుకు పోతుందో తెలిస్తే సగం పని అయినట్టే.

మన దగ్గర తక్కువ ధరకు దొరికే క్యాబినెట్ ముందు భాగాన్ని ఒకసారి పరకాయించి చూడండి. బయట మెరిసే ప్లాస్టిక్ ముఖం ఉంటుంది. దానికి గాలి వెళ్లే సందు కింద ఒక వేలు మందం ఉంటుంది, అంతే. కొత్త రకాల్లో దాని బదులు గాజు పలక ఉంటుంది, గాలికి అదీ గోడే. ప్లాస్టిక్ ముఖాన్ని ఊడదీస్తే వెనక రేకు. ఆ రేకులో ఫ్యాను పెట్టే చోట చిన్నచిన్న గుండ్రటి రంధ్రాలు కొట్టి ఉంటాయి. చూడటానికి జల్లెడలా ఉంది కదా, గాలి బాగానే వెళుతుందిలే అనిపిస్తుంది. కొలిచి చూడండి. 5 మిల్లీమీటర్ల రంధ్రాలు, ఒకదాని మధ్య నుంచి మరోదాని మధ్యకు 8 మిల్లీమీటర్ల దూరం. లెక్క కడితే ఖాళీగా ఉన్న జాగా మొత్తంలో మూడో వంతే. మిగతా రెండు వంతులూ రేకే. ఫ్యాను ఎంత మంచిదైనా దాని ముఖానికి మూడింట రెండు వంతులు మూత పెట్టి తిప్పుతున్నాం. ఆ రంధ్రాల అంచులకు కోసుకుంటూ పోయే గాలే సన్నగా ఈల వేస్తుంది. రాత్రి మనల్ని పడుకోనివ్వని రొదలో కొంత అదే.

కాబట్టి కొత్త ఫ్యాన్లు కొనకముందు ఉన్న ఫ్యాన్లకు దారి విడిపించాలి. ఇంకో ఫ్యాను తగిలిద్దాం, ఇంకొంచెం వేగంగా తిప్పుదాం అనే ఆలోచనే అందరికీ ముందు వస్తుంది. ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే వస్తుంది, కరెంటు మాత్రం ఎనిమిది రెట్లు కావాలి. చప్పుడైతే చెప్పనక్కర్లేదు. అదే 80 మిల్లీమీటర్ల ఫ్యాను తీసి 120ది పెడితే గాలి వెళ్లే జాగా రెండుంపావు రెట్లవుతుంది, నెమ్మదిగా తిరిగినా చాలు.

ఈ దారుల విషయంలో పెద్దపెద్ద ఇంజనీర్లే అభిప్రాయాలు మార్చుకున్నారు. 1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీలో ప్రాసెసర్ మీద ఫ్యాను కాదు కదా, అల్యూమినియం దిమ్మ కూడా లేదు. 63.5 వాట్ల పవర్ సప్లైలో తిరిగే ఒక్క ఫ్యానే మొత్తం పెట్టెకు దిక్కు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణం తెచ్చింది. నేటికీ మన క్యాబినెట్లు దాని ప్రకారమే వస్తున్నాయి. అందులో మొదట పవర్ సప్లై ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగి ప్రాసెసర్ మీదికి ఊదాలని సూచించారు. పవర్ సప్లైలో నుంచి వచ్చేసరికే ఆ గాలి వేడెక్కిపోతోంది. తర్వాత దిశ తిప్పేసి బయటికి ఊదేలా మార్చుకున్నారు. ఇక 1998లో సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌ను 450 మెగాహెర్ట్జ్‌కు ఎక్కించి నడిపిన ఉత్సాహవంతులు ఆ వేడి తట్టుకోలేక క్యాబినెట్లకు రంధ్రాలు కోయడం మొదలుపెట్టారు. పైకప్పు రేకును కోసి ఫ్యాను పెట్టడం ఆ రోజుల్లో బాగా పేరుపడిన పని. ఆ తర్వాతి కాలంలో కంపెనీలు కూడా పెద్ద ఫ్యాన్లకు చోటిచ్చాయి.

రేకు మీద రంపం పెట్టే ముందు ఒక పరీక్ష చెయ్యాలి. ఇది తప్పనిసరి. గది ఉష్ణోగ్రత చూసి కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్‌కు అరగంట సేపు గట్టి పని ఇవ్వండి, రెండరింగ్ ఉంటే అదే చాలు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల ఉష్ణోగ్రత చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటివి. ఆ అంకెలు రాసుకోండి. తర్వాత పక్క మూత ఊడదీసి మళ్లీ అరగంట అదే పని. ఇప్పుడు ఉష్ణోగ్రత బాగా పడిపోయిందా? అయితే మీ క్యాబినెట్‌కు ఊపిరి ఆడటం లేదు, కోత పని అవసరమే. రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గలేదా? అయితే తప్పు క్యాబినెట్‌ది కాదు. ప్రాసెసర్ మీది కూలర్‌లో దుమ్ము గడ్డకట్టి ఉండాలి, లేదా ఆ కూలర్ కింద పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండాలి. దుమ్ము దులిపి కొత్త పేస్టు వేస్తే సరిపోతుంది. ఈ పరీక్ష చెయ్యకుండా రేకు కోసుకుని, ఫలితం కనిపించక నిరాశపడేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మూత తీస్తే చల్లబడుతోంది కదా, అలాగే వదిలేస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. వద్దు. మన ఇళ్లలో బల్లులు, బొద్దింకలు వెచ్చదనానికి లోపల చేరతాయి. దుమ్ము పొర వారాల్లోనే మందం కడుతుంది. తెరిచిన పెట్టె దగ్గర చిన్నపిల్లలు వేళ్లు పెడతారు.

రేకు కోయక్కర్లేని మార్పులు కొన్ని ఉన్నాయి. ముందు అవి. కంప్యూటర్ టేబుల్‌లో కింద సీపీయూ పెట్టడానికి ఒక గూడు ఇస్తారు కదా, వెనక ప్లైవుడ్‌తో మూసేసిన గూడు. బయటికి ఊదిన వేడిగాలే ఆ గూట్లో తిరిగి మళ్లీ లోపలికి వెళుతుంది. ఆ ప్లైవుడ్ తీయించండి, లేదా పెట్టెను గూట్లోంచి బయట పెట్టండి. గోడకు జానెడు దూరం ఉండాలి. అందానికి కప్పిన గుడ్డ పనిచేస్తున్నంతసేపూ తీసేయాలి. ఇక పాత క్యాబినెట్ ముందు భాగంలో డీవీడీ డ్రైవుల కోసం ఒకదాని కింద ఒకటి మూడు ఖాళీ అరలుంటాయి. ఆ మూడింటి మూతలు లాగేస్తే ఏర్పడే సందు ఎత్తు సుమారు 124 మిల్లీమీటర్లు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను అందులో సరిగ్గా నిలబడుతుంది. ముందు జాలీ కట్టి, వెనక ఫ్యానును ప్లాస్టిక్ కేబుల్ టైలతో బిగిస్తే ఒక్క రంధ్రం కూడా కొట్టకుండా చల్లగాలికి తలుపు తెరిచినట్టే. కొత్తగా ఈ పనిలో దిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

అది చాలకపోతే, లేదా మీ క్యాబినెట్‌లో ఆ అరలు లేకపోతే, అప్పుడు ఇందాక చెప్పిన జల్లెడ రేకు సంగతి చూద్దాం. ముందుగా పెట్టెలోంచి మదర్‌బోర్డు, డిస్కులు, పవర్ సప్లై అన్నీ తీసేయాలి. లోపల ఉంచి జాగ్రత్తగా కోస్తాలే అనుకోవద్దు. గసగసంత ఇనుప రజను ఒకటి మదర్‌బోర్డు మీద పడినా షార్టయిపోతుంది. ఏ తీగ ఎక్కడ ఉందో తీసేముందే ఫోనుతో ఫొటోలు తీసుకోండి. బోర్డులను ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా అందులోని పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టులో, అంతకంటే ఎక్కువో నిలిచి ఉండవచ్చు. ప్రాణాలకే ముప్పు.

ఖాళీ పెట్టెను నేల మీద పాత దుప్పటి పరిచి దాని మీద పడుకోబెట్టండి. ముందు ప్లాస్టిక్ ముఖానికి లోపలి వైపు నొక్కులుంటాయి, ఒక్కొక్కటీ నొక్కుతూ వదులుచేస్తే ఊడి వస్తుంది. జల్లెడ చుట్టూ రేకుకు మాస్కింగ్ టేపు అంటించండి, రంగు గీసుకుపోకుండా. కళ్లకు అద్దాలు, చేతులకు మందపాటి తొడుగులు తప్పవు. ఇప్పుడు మంచి కటింగ్ ప్లేయర్ తీసుకుని, జల్లెడలో రెండు రంధ్రాల మధ్య ఉన్న సన్నటి పట్టీని ముక్కుతో పట్టి నొక్కండి. తక్కువ ధర క్యాబినెట్లలో రేకు అర మిల్లీమీటరో, ఇంకాస్తో ఉంటుంది. టక్కున తెగుతుంది. పక్కనున్న పట్టీ, దాని పక్కది, అలా అంచు వెంబడి గుండ్రంగా తిరిగి రండి. తొందర పడితే చెయ్యి నొప్పెడుతుంది, అంచు వంకర పోతుంది. ఆఖరి పట్టీ తెగగానే జల్లెడంతా ఒక్క బిళ్లగా చేతిలోకి ఊడి వస్తుంది. ఫ్యాను స్క్రూలు పట్టే నాలుగు మూలల రంధ్రాల జోలికి మాత్రం పోవద్దు. అంచున మిగిలిన ముళ్లను గుండ్రటి ఆకురాయితో రాయండి. వేలు వేసి తిప్పితే గరుకు తగలనంత వరకూ రాయాలి. ఆ పైన రబ్బరు అంచుపట్టీ తొడిగితే చూడటానికి కూడా కంపెనీలో చేసినట్టే ఉంటుంది.

ఏ రంధ్రాలూ లేని రేకులో కొత్తగా ఫ్యాను పెట్టాలంటే పని ఇంకాస్త పెద్దది. 120 మిల్లీమీటర్ల ఫ్యానుకు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు, 80 ఫ్యానుకు 71.5, 140 ఫ్యానుకు 124.5. కొలతలు నేరుగా రేకు మీద గీయకుండా ముందు అట్టముక్క మీద గీసి, ఫ్యానును దాని మీద పెట్టి నాలుగు మూలలూ కలిశాయో లేదో చూసుకోండి. మధ్యలో 115 మిల్లీమీటర్ల వృత్తం కోయాలి. దీనికి హోల్ సా కావాలి, అదీ ఇనుముకు పనికొచ్చే బైమెటల్ రకం. దీన్ని సొంతంగా కొనడం దండగ. వీధిలో ఉండే వెల్డింగ్ షాపుకు అట్టముక్కతో సహా పెట్టె తీసుకెళితే పది నిమిషాల్లో కోసి ఇస్తారు. ఎక్కడ కోయాలో చెప్పే తెలివి మనది, కోసే చేతివాటం వాళ్లది. అందులో నామోషీ ఏమీ లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు కోసిన అంచుకు తప్పకుండా ప్రైమరు, పైన ఎనామిల్ రంగు వేసి ఆరనివ్వాలి. ఉప్పుగాలికి పచ్చి ఇనుము నెలల్లోనే తుప్పు పడుతుంది.

ఇంతకీ ఎక్కడ కోయాలి? గాలి ముందు కింద నుంచి వచ్చి, డిస్కుల మీదుగా గ్రాఫిక్స్ కార్డునూ ప్రాసెసర్‌నూ తాకుతూ, వెనక పై భాగం నుంచి బయటికి పోవాలి. వేడిగాలి పైకి లేస్తుంది కనుక పైకప్పు కోస్తే అన్నీ చక్కబడతాయని చాలామంది అనుకుంటారు. లేచేమాట నిజమే. కానీ అర మీటరు ఎత్తు కూడా లేని పెట్టెలో ఆ లేచే బలం, మామూలు ఫ్యాను తోసే బలంలో సుమారు వందో వంతు. కాబట్టి ఫ్యాను ఎటు తోస్తే గాలి అటే. వెనక బయటికి తోసే ఫ్యాను పక్కనే పైన లోపలికి లాగే ఫ్యాను పెడితే వచ్చిన గాలి వచ్చినట్టే బయటికి పోతుంది, ప్రాసెసర్‌ను తాకదు. గ్రాఫిక్స్ కార్డే ఎక్కువ వేడెక్కుతుంటే దానికి సూటిగా పక్క మూతలో రంధ్రం కోసి చల్లగాలి లోపలికి తోయడం మంచి ఫలితమిస్తుంది. 200 వాట్లు దాటిన కార్డులకు ఇది బాగా అక్కరకొస్తుంది.

లోపలికి తోసే ఫ్యాన్లు రెండు, బయటికి తోసేది ఒకటి. మన దుమ్ముకు నేను మెచ్చే అమరిక ఇది. లోపల గాలి ఒత్తిడి ఒక పిసరు ఎక్కువ ఉంటుంది కనుక సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము లోపలికి రాదు. వచ్చే గాలంతా రెండు ఫ్యాన్ల ముందున్న జాలీల గుండానే వస్తుంది. ఆ జాలీకి నైలాన్ దోమతెర ముక్క చాలు. మరీ సన్నటిది వేస్తే ఇందాక కష్టపడి కోసిన దారిని మళ్లీ మనమే మూసినట్టవుతుంది. ఫ్యాను దిశ తెలుసుకోవడం సులువు. మోటారును పట్టుకున్న నాలుగు చువ్వలు ఏ వైపు కనిపిస్తాయో గాలి ఆ వైపు నుంచి బయటికి వస్తుంది. కొన్నిటికి అంచున బాణం గుర్తు కూడా వేసి ఉంటుంది.

తీగల విషయం క్లుప్తంగా చెబుతాను. మదర్‌బోర్డు మీద ఫ్యాను పెట్టే పిన్నులకు సాధారణంగా ఒక ఆంపియరు దాకా ఇచ్చే శక్తి ఉంటుంది. ఒక్కో ఫ్యాను ఎంత తీసుకుంటుందో దాని మధ్యలో స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఒకే చోటికి రెండు ఫ్యాన్లు కలిపితే మొత్తం ఆ హద్దు దాటకుండా చూసుకోండి. నాలుగు పిన్నుల ఫ్యాను కొంటే వేడిని బట్టి వేగం అదే మారుతుంది, రాత్రిళ్లు చప్పుడు తగ్గుతుంది. పెట్టెను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందా? అది గోడ ప్లగ్గులో మూడో పిన్నుకు ఎర్త్ లేదని చెప్పే గుర్తు. క్యాబినెట్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

అన్నీ తిరిగి బిగించే ముందు పెట్టెను బయటికి తీసుకెళ్లి బోర్లించి తట్టండి, బ్రష్షుతో దులపండి, తడిగుడ్డతో తుడవండి, మూలల్లో అయస్కాంతం తిప్పి మిగిలిన రజను ఏరండి. పూర్తిగా ఆరాక భాగాలన్నీ ఎక్కించి, మూత వేసి నడపండి. అగరుబత్తి వెలిగించి ముందు జాలీ దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి తీగలా లాగుకుపోవాలి. వెనక ఫ్యాను దగ్గర పట్టుకుంటే బయటికి కొట్టుకుపోవాలి. వాడని రంధ్రం దగ్గర పొగ అటూఇటూ తారాడుతుంటే అక్కడ టేపు అంటించి మూసేయండి, ఊదిన గాలి వెనక్కి తిరిగి వచ్చే దొంగదారి అదే. ఇప్పుడు మొదట చేసిన అరగంట పరీక్షే మళ్లీ చేయండి. అయితే ఉత్త అంకెలను పోల్చవద్దు. ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోంచి ఆనాటి గది ఉష్ణోగ్రత తీసేసి, మిగిలిన తేడాను పోల్చండి. ఏప్రిల్‌లో కొలిచి, వానలు పడ్డాక జూలైలో మళ్లీ కొలిచి 8 డిగ్రీలు తగ్గిందని సంబరపడితే అందులో ఎంత మన చేతిపనో, ఎంత వానదో తెలియదు.

ఆ తేడా అంకెను పెన్సిలుతో పక్క మూత లోపలి వైపు తేదీతో రాసి పెట్టుకోండి. జాలీని నెలకోసారి తీసి కడిగి, తడి పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. సంక్రాంతికి ముందు సున్నాలు, రంగులు వేయించే రోజుల్లో మాత్రం వారానికోసారి చూడాలి. ఎప్పుడైనా తేడా ఆ రాసుకున్న అంకె కంటే 5 డిగ్రీలు పెరిగిందంటే జాలీ పూడుకుపోయిందో, ఏదో ఒక ఫ్యాను ఆగిపోయిందో చూసుకోండి.